నీలం గేటు ముందు బాణాల మేడం

కాలేజీ వెనక మూడో అడ్డరోడ్డు ఉంది చూశారూ... దాని చివర ఉంటుంది నీలం గేటు ఇల్లు. పగలు చూస్తే అందులో ఏమీ లేదు. మామూలు డాబా. పెచ్చులూడిన గోడలు, ఒక పక్కకి ఒరిగిన గేటు, గేటుకి తాళం, తాళానికి తుప్పు. పగలు దాని పక్కనుంచే పిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటూ పోతారు. చీకటి పడ్డాక మాత్రం వీధికుక్క కూడా అటు తల పెట్టి పడుకోదని చెప్పుకుంటారు.

ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. కానీ ఆ ఇంటి నుంచి ఫోన్లు వస్తాయి.

ఎవరికో కాదు... అంబులెన్సుకి.

"తొందరగా రండి... లేవడం లేదు..." అని ఏడుపు. బండి పడుతూ లేస్తూ వెళ్తుంది. అక్కడ తాళం తాళమే, తుప్పు తుప్పే. పిలిచిన మనిషి ఉండదు. పడిపోయిన మనిషి ఉండడు. వాకిట్లో దుమ్ము మీద ఒక్క కాలి అచ్చు ఉండదు. ఒకసారి ఆడగొంతు. ఒకసారి ముసలి గొంతు. ఒకసారైతే చిన్నపిల్ల — "మా నాన్న పలకడం లేదు" అని. ఆ రాత్రి అక్కడికి వెళ్ళిన డ్రైవరు తిరిగొచ్చి జ్వరంతో మంచం పట్టాడు.

ఈ కథ నాకు చెప్పింది బాణాల మేడం. ఇందులో అందరికన్నా ఎక్కువ భయపడిందీ, అందరికన్నా ఎక్కువ నవ్వులపాలైందీ ఆవిడే. అయినా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆవిడే కూర్చోబెట్టి చెప్తుంది. విన్నది విన్నట్టు చెప్తున్నాను. ఉప్పూ కారం ఎక్కడైనా ఎక్కువైతే అది నా చేతి చలవ.

బాణాల మేడం మా కాలేజీలో అత్యవసర వైద్య సేవల వ్యవస్థ అనే కోర్సు చెప్తుంది. మనిషి పడిపోయిన క్షణం నుంచి ఆసుపత్రి మంచం ఎక్కేదాకా ఎవరు ఏం చెయ్యాలి అన్నదే ఆ చదువు. ఫోను ఎవరెత్తాలి, ఏం అడగాలి, ఏ బండిని పంపాలి, ఎవరిని ముందు చూడాలి. ఆవిడ బోర్డు మీద ఒక గడి గీసి "ఫోను" అని రాస్తుంది. అక్కడి నుంచి ఒక బాణం. ఇంకో గడి, అందులో "బండి". ఇంకో బాణం. గంట కొట్టేసరికి బోర్డు నిండా గడులూ బాణాలూ తప్ప మరేం ఉండవు. ఆ పేరు పెట్టింది పిల్లలే. సంగతి తెలిసి కూడా ఆవిడ బాణాలు మానలేదు, పైగా స్కేలు పెట్టి గియ్యడం మొదలుపెట్టింది.

ఇంత చెప్పే మనిషి, నడుస్తున్న అంబులెన్సు ఏనాడూ ఎక్కలేదు. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఇక చీకటి సంగతి చెప్పక్కర్లేదు. రాత్రిపూట మంచినీళ్ళు కావాలంటే మొగుణ్ణి లేపి వంటింటిదాకా తోడు తీసుకెళ్తుంది. "ఊళ్ళోవాళ్ళ ప్రాణాలన్నీ ఎలా కాపాడాలో నువ్వు చెప్తావు, నీ ప్రాణాన్ని ఫ్రిజ్ దాకా నేను మోసుకెళ్ళాలి" అని ఆయన కళ్ళు మూసుకునే లేచి నడిచేవాడట.

అలాంటి మనిషి నోరు జారింది.

మా ఆఖరి ఏడాది పిల్లలు రాత్రిపూట అంబులెన్సులో డ్యూటీ చెయ్యాలి. పడమటి వైపు బండి నడిపేది పెద్దాయన. జ్వరం తగిలింది ఆయనకే. డ్యూటీకి వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆయన ముందే చెప్పేస్తాడు — నీలం గేటు ఫోనొస్తే నేను మలుపు దాకే వస్తాను, అక్కణ్ణించి బండి తిప్పేసి "ఎవరూ లేరు" అని చెప్పేస్తాను, మీరూ అదే చెప్పండి. పిల్లలు సరేనన్నారు. ప్రాణం ఎవరికి చేదు?

ఈ మాట ఒకరోజు క్లాసులో బయటపడింది. మేడం సుద్దముక్క బల్ల మీద పెట్టింది. సుద్దముక్క పెట్టిందంటే ఉపన్యాసమే.

"చూడండి. ఫోను వచ్చిందంటే, ఎక్కడో ఒక మనిషి ఉన్నట్టే. ఆ మనిషి దగ్గరికి మనం వెళ్ళాలి. ఈ కోర్సంతా ఆ ఒక్క ముక్కే."

వెనక వరసలో ఒకమ్మాయి ఉండేది. అందరూ ఆ అమ్మాయిని సందేహం అనే పిలిచేవాళ్ళు. చెయ్యెత్తకుండా ఒక్క పాఠమూ పూర్తికానిచ్చేది కాదు. ఆ రోజూ ఎత్తింది.

"మేడం, మరి ఆ మనిషి ఎక్కడ?"

"అంటే?"

"నీలం గేటు నుంచి ఫోన్లొస్తున్నాయి. అక్కడ చూస్తే ఎవరూ లేరు. మీరేమో మనిషి ఉన్నట్టే అంటున్నారు. ఎక్కడ ఉన్నట్టు?"

మేడం బోర్డు వంక చూసింది. అన్ని బాణాల్లో ఒక్కటీ ఆదుకోలేదు. జవాబు తెలియనప్పుడు గొంతు పెంచడం పాఠాలు చెప్పేవాళ్ళకి ఉన్న పాత జబ్బు. ఆవిడా పెంచింది. "దెయ్యాలూ లేవు, భూతాలూ లేవు. ఈ రాత్రికి బండిని ఆ గేటు ముందే నిలబెట్టండి. నేనొచ్చి కూర్చుంటాను. ఫోనొచ్చిందా, ముందు నేను దిగుతాను."

అన్న మరుక్షణం నాలిక కరుచుకుంది. కానీ పిల్లలు అప్పటికే చప్పట్లు కొట్టేశారు.

రాత్రి బయల్దేరుతుంటే మొగుడు గుమ్మం దాకా వచ్చి, "ఫ్రిజ్ దాకా తోడు కావాలంటే అక్కడ ఎవరిని లేపుతావు?" అని అడిగాడు. ఆవిడ స్వెట్టరు వేసుకుంది. చలికి కాదు, వణుకు బయటికి కనపడకుండా.

బండి నీలం గేటు ముందు ఆగింది.

వీధి దీపం మలుపు దగ్గరే ఆగిపోయింది, ఇక్కడిదాకా దాని వెలుగు రాదు. ముందు సీట్లో పెద్దాయన. ఆయన పక్కన మేడం. వెనక, మందుల పెట్టె మీద మోచేతులు ఆనించి సందేహం. ఇంజను ఆపనని పెద్దాయన పట్టుబట్టాడు. ఆపితే మళ్ళీ అంటుకోదేమోనని ఆయన భయం. పొద్దున్నే కొత్త బ్యాటరీ వేయించినట్టు ఆయనే చెప్పాడు కాబట్టి ఆ భయం దేనిగురించో అందరికీ తెలుసు.

మేడం మనసులో ఒకటే మొక్కు. ఫోను రాకూడదు. రాకపోతే పరువు దక్కుతుంది. తెల్లారి క్లాసులో "చూశారా" అని నవ్వొచ్చు.

గేటు గాలికి కిర్రుమంది...

"పిల్లి" అంది మేడం.

"గాలి మేడం" అంది సందేహం.

"ఆఁ, గాలే. గాలిలో పిల్లి."

పెద్దాయన గేటు వంక చూడకుండా గుసగుసగా అన్నాడు. "ఆ రోజు కూడా ఇలాగే గాలి, మేడం..."

మేడం పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందని పెద్దాయన అనుకున్నాడు. కాదు. ఫోను, బాణం, బండి, బాణం, మనిషి... తన పాఠమే తను వల్లె వేసుకుంటోంది. భయానికి ఆవిడకి తెలిసిన మంత్రం అదొక్కటే.

అలా ఎంతసేపు గడిచిందో. కాస్త ధైర్యం వచ్చింది. ఏమీ లేదు, ఏమీ రాదు, అనవసరంగా హడలిపోయాం అనుకుంటూ మేడం కాళ్ళు చాపుకుంది.

రేడియో గరగరమంది.

"బండికి కేసు... వినపడుతోందా? మగమనిషి, స్పృహ లేదు. భార్య ఫోన్ చేసింది. మూడో అడ్డరోడ్డు, ఆఖరి ఇల్లు."

కంట్రోల్ రూంలో ఆ రాత్రి ఫోన్లు ఎత్తుతున్నది మొదటి బెంచి. కాలేజీలో ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవాడు, అక్కడ అందరూ ఆ పేరుతోనే ఎరుగుదురు. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా మేడం శిష్యులే.

మూడో అడ్డరోడ్డు, ఆఖరి ఇల్లు... ఎక్కడో విన్న చిరునామాలా తోచింది మేడానికి. ఎక్కడో గుర్తుకు రాలేదు.

పెద్దాయన వేలు మెల్లగా లేచింది. అద్దంలోంచి గేటు వైపు చూపించింది.

"ఇదే" అన్నాడు.

సందేహమే ముందుకు వంగి రేడియో అందుకుంది. "మేం ఇక్కడే ఉన్నాం అన్నా. ఆ ఇంటి ముందే. ఇక్కడ ఎవరూ లేరు."

మొదటి బెంచి గొంతు తగ్గించి అన్నాడు.

"ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉందట..."

సందేహం అద్దంలోంచి గేటు వైపు చూసింది.

"బండి ఇంకా రాలేదని ఏడుస్తోంది."

మేడం పైప్రాణాలు పైనే పోయాయి. ముందు నేను దిగుతానన్నది ఆవిడే. కాళ్ళకి ఆ మాట చెప్పి చూసింది, అవి వినిపించుకోలేదు. ఈలోగా వెనక తలుపు తెరుచుకుంది. సందేహం టార్చీ, రేడియో పట్టుకుని దిగిపోయింది. అప్పుడు మేడం కూడా దిగింది. అది ధైర్యం కాదని ఆవిడే ఒప్పుకుంటుంది. పెద్దాయన గట్టిగా కళ్ళు మూసేసుకున్నాడు, కళ్ళు మూసుకున్న మనిషి పక్కన కూర్చోవడం కంటే కళ్ళు తెరిచిన పిల్ల వెనక నడవడం నయమనిపించింది. అంతే. ఆ పిల్ల చున్నీ కొస పట్టుకుని నడిచింది, చదువు చెప్పిన గురువు.

గేటు ముందు నిలబడ్డారు.

టార్చి వెలుగులో తాళం. తుప్పు. లోపల వాకిలి మీద మెత్తగా పరుచుకున్న దుమ్ము. ఒక్క అడుగు జాడ లేదు.

సందేహం చేతిలో రేడియో మళ్ళీ గరగరమంది. "గేటు పట్టుకుని నిలబడ్డానంటోంది... చుట్టూ చీకటిగా ఉందంటోంది... ఎదురుగా ఎవరూ కనపడ్డం లేదంటోంది."

గేటుకి ఇటు మేడం చెయ్యి ఉంది. అటు...

ఆవిడకి అనిపించింది — అటు, ఊచల అవతల, చేతికందేంత దూరంలో ఎవరో నిలబడి ఉన్నారు. గేటు పట్టుకుని. ఇటే చూస్తూ. తను వాళ్ళకి కనపడదు, వాళ్ళు తనకి కనపడరు. ఇద్దరి మధ్యా ఇనప ఊచలే.

చెయ్యి లాగేసుకుంది. రోడ్డు మీద చతికిలబడిపోయింది.

పైనుంచి సందేహం గొంతు, క్లాసులో అడిగినట్టే, మామూలుగా వినపడింది.

"అన్నా, గేటు ఏ రంగో అడుగు."

అంత భయంలోనూ మేడానికి ఒళ్ళు మండింది. దెయ్యాన్ని రంగులు అడుగుతుందేమిటీ పిల్ల?

రేడియో ఆగి ఆగి చెప్పింది. "నల్లది. కొత్తగా రంగేశారట... చేతులకి అంటుకుంటోందట."

టార్చి వెలుగు గేటు మీద పైకీ కిందకీ తిరిగింది. నీలం. ఎండకి వెలిసిపోయిన, ఏళ్ళ కిందటి నీలం.

మేడం కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి రేడియో తీసుకుంది. "మొదటి బెంచీ... నేను. ఆఖరి ఇల్లు అని ఆవిడే చెప్పిందా?"



"లేదు మేడం."

"మరెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడం. ఆవిడకి అడ్రసు తెలీదు. ఇవాళే ఆ ఇంట్లో దిగారట. ఫోను ఏ టవరు కింద ఉందో చూద్దామంటే పడమటి వైపంతా ఒకటే టవరు. అడ్రసు గడి నింపకపోతే ఈ కంప్యూటర్ మిషన్ బండిని కదలనివ్వదు. అందుకని..."

"అందుకని?"

"మీరు నేర్పిందే మేడం. గడి ఖాళీగా వదలొద్దని. ముందు ఏదో ఒకటి కొట్టి బండిని కదిలిస్తాం. అది దారిలో ఉండగా అసలు అడ్రసు కనుక్కుని మార్చేద్దామనుకుంటాం. ఆ హడావుడిలో చేతికి అలవాటైందే వచ్చేస్తుంది. మీ ప్రాక్టికల్స్ అడ్రసు..."

అప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ ప్రాక్టికల్ క్లాసులో పిల్లలు ఉత్తుత్తి ఫోన్లు చేసుకుంటారు. ఒకరు రోగి భార్య, ఒకరు కంట్రోల్ రూం. గడులన్నీ నింపాలి. అడ్రసు గడిలో వెయ్యడానికి ఒక చిరునామా కావాలి కదా. ఎవరినీ ఇబ్బంది పెట్టనిదై ఉండాలి, పొరపాటున బండి వెళ్ళినా ఎవరి నిద్రా చెడకూడదు. స్టాఫ్ రూంలో కూర్చుని మ్యాపు చూసి, ఖాళీగా ఉందన్న ఇల్లొకటి ఏరింది. మూడో అడ్డరోడ్డు, ఆఖరి ఇల్లు. వెళ్ళి చూసింది లేదు. గేటుందనీ, దానికి రంగుందనీ ఆవిడకి తెలియదు. ఆ ఉత్తుత్తి ఇల్లూ నీలం గేటూ ఒకటేనని పిల్లలకీ తట్టలేదు. ఏళ్ళ తరబడి పిల్లలందరి చేతా ఆ చిరునామా కొట్టించి కొట్టించి, గడి ఖాళీ వదిలితే మార్కులు కోసి, వాళ్ళ వేళ్ళకి నేర్పేసింది.

అసలు చిరునామా దొరికేలోపు అవతలి ఫోను కట్టయితే, ఉత్తుత్తి చిరునామా అలాగే ఉండిపోయేది. బండి ఇక్కడికి వచ్చేది. ఎవరూ ఉండరు. డ్రైవర్లు దెయ్యమన్నారు. కంట్రోల్ రూం వాళ్ళు, ఎవరో ఆకతాయిలు ఆడుకుంటున్నారని కేసు మూసేశారు. ఒకరి మాట ఒకరు అడగలేదు. గడులు రెండూ ఉన్నాయి, మధ్యలో బాణం లేదు. బాణాల మేడం గియ్యని బాణం అదొక్కటే.

"ఆవిడ లైన్లో ఉందా?" అంది మేడం.

"ఉంది."

"నా ఫోన్‌కి కలుపు. ఇంకేం చెయ్యకు. లైను తెగకుండా చూడు, చాలు."

లేచింది. ఎలా లేచిందో తనకే తెలియదంటుంది. బండి వెనక ఎక్కి, చెవికి ఫోను పెట్టుకుంది. అవతల ఆడమనిషి రొప్పుతూ మాట్లాడుతోంది.

"సామాను సర్దుతూ సర్దుతూ పడిపోయారమ్మా... ఒళ్ళంతా చెమట... పిలిస్తే పలకడం లేదు..."

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది."

"సుగరుందా ఆయనకి?"

"ఉంది. సూది వేసుకుంటారు. మధ్యాహ్నం నుంచీ ఏం తినలేదు, ఈ సామాను గొడవలో..."

"పక్కకి తిప్పి పడుకోబెట్టమనండి, నోట్లో ఏమీ పొయ్యొద్దనండి" అంది సందేహం, సూదులు తీసి పెట్టుకుంటూ. మేడం చెప్పింది. ఆవిడ లోపలికి పరుగెత్తి, తిరిగి గేటు దగ్గరికి వచ్చింది. చుట్టూ ఏముందో చెప్పమంటే, చీకటి అంది. బోర్డేమైనా ఉందా అంటే, చీకటి అంది. పక్కింటివాళ్ళు? ఒక పక్క ఖాళీ జాగా, ఇంకో పక్క తాళం.

మేడానికి తట్టిన ఉపాయం ఏ పాఠంలోనూ లేదు. చిన్నప్పటి దాగుడుమూతల్లోంచి వచ్చింది. "డ్రైవర్ గారూ, సైరన్ వెయ్యండి. ఎంత గట్టిగా మోగితే అంత గట్టిగా. అన్ని వీధులూ తిరుగుదాం. అమ్మా, నీకు వినపడగానే చెప్పు."

అర్ధరాత్రి పడమటి వైపు మొత్తం లేచి కూర్చుంది. కిటికీల్లో దీపాలు వెలిగాయి. ఎవరో బాల్కనీలోంచి తిట్టారు, ఏమని తిట్టారో మేడం ఇప్పటికీ చెప్పదు. బండి వెనక ఎలా కూర్చోవాలో పాఠంలో చెప్తుందే కానీ తను కూర్చున్నది లేదు కదా, ప్రతి మలుపుకీ ఈ చివర నుంచి ఆ చివరకి దొర్లింది. జుట్టు ముడి ఊడింది. ఫోను మాత్రం చెవి నుంచి తియ్యలేదు.

"వినపడుతోందా?"

"లేదమ్మా..."

"ఇప్పుడు?"

"ఆఁ... సన్నగా... ఆఁ, వస్తోంది... అయ్యో, తగ్గిపోతోందమ్మా, వెళ్ళిపోతున్నారు..."

"బాబాయ్, వెనక్కి!" అంది సందేహం.

వెనక్కి. ఎడమకి. ఇంకో సందు. అప్పుడు "ఇదిగో, ఇక్కడ" అన్న మాట మేడానికి రెండుసార్లు వినపడింది. ఒకటి ఫోన్లో. రెండోది బయటి నుంచి.

నల్ల గేటు. దాన్ని పట్టుకుని ఒక మనిషి, రెండు అరచేతులూ నల్లగా.

లోపల అట్టపెట్టెల మధ్య ఆయన పడి ఉన్నాడు. సందేహం ఆయన వేలి కొసన చుక్క రక్తం తీసి చూసింది. సుగరు అడుగంటింది. నరం దొరకబుచ్చుకుని మందు ఎక్కించడం మొదలుపెట్టింది. సీసా ఎత్తి పట్టుకునే పని మేడానికి దక్కింది. రక్తం కనపడకుండా ఆవిడ పైకప్పు వంకే చూస్తూ, చెయ్యి చాపి నిలబడింది.

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. మొదట కనపడింది మేడం. విరబోసుకున్న జుట్టు, పాలిపోయిన మొహం, పైకెత్తిన చెయ్యి, కప్పుకేసి తేలేసిన కళ్ళు. ఆయన పెళ్ళాం కొంగు పట్టుకుని, "ఎవరే ఈ దెయ్యం?" అన్నాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మేడం ఈ ముక్క దగ్గర ఆగి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుతుంది. ఊరంతా హడలిపోయిన నీలం గేటు దెయ్యం చివరికి దొరికింది, జీతం తీసుకుని పాఠాలు కూడా చెప్తోంది అంటుంది.

ఇక్కడిదాకా నవ్వుతూనే చెప్తుంది. ఇక్కణ్ణించి నవ్వదు.

ఆయన్ని ఆసుపత్రిలో దింపారు. గండం గడిచింది. ఆయన భార్య మేడం రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు, నల్లరంగు మేడం చేతులకీ అంటింది. తిరిగొస్తుంటే బండిలో సందేహం ఏదో వాగుతోంది. కొంత దూరం పోయాక పెద్దాయన బండి పక్కకి తీసి ఆపాడు.

"ఆ పిల్ల, మేడం" అన్నాడు.

"ఏ పిల్ల?"

"నాకు జ్వరమొచ్చిన రాత్రి. 'మా నాన్న పలకడం లేదు' అంది. రేడియోలో నాకు గొంతు కూడా వినిపించారు. నేను నీలం గేటు దగ్గరికే వచ్చాను. చూశాను. ఎవరూ లేరు. దెయ్యమనుకుని పారిపోయాను."

స్టీరింగు మీద చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ పిల్ల ఏ గేటు దగ్గర నిలబడి ఉంటుంది మేడం?"

సందేహం చెయ్యెత్తలేదు.

మేడం కంట్రోల్ రూంకి ఫోన్ చేసింది. ఆ పిల్ల చేసిన నంబరు ఉందా అని అడిగింది. ఉందన్నాడు మొదటి బెంచి. ఆ రాత్రే లైను తెగాక చాలాసార్లు చేశారట, ఎవరూ ఎత్తలేదు. మర్నాటి నుంచి ఆ నంబరు పని చెయ్యడం లేదు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇక ఆ గడిలో ఏం వెయ్యమంటారు మేడం?"

"తెలియదు అని వెయ్యి. మిషన్ ఒప్పుకోకపోతే మిషన్ని మార్పిస్తాను. ఆ మాట కనపడగానే అందరూ లేచి నిలబడండి, ఇల్లు దొరికేదాకా కూర్చోకండి."

ఫోను పెట్టేసి, "నీలం గేటు దగ్గర ఒక్కసారి ఆపండి" అంది పెద్దాయనతో.

బండి ఆగింది. సందేహం టార్చి ఇవ్వబోతే వద్దంది. తోడు వస్తానంటే వద్దంది. ఒరిగిన గేటు పక్కన ఒక మనిషి పట్టేంత సందుంది, అందులోంచి ఒళ్ళు గీరుకుంటూ లోపలికి దూరింది. దుమ్ములో మొట్టమొదటి అడుగులు ఆవిడవే. ఇంట్లో ఫ్రిజ్ దాకా తోడు కావాల్సిన మనిషి ఒంటరిగా ఆ చీకట్లో తలుపు దాకా నడిచింది. భయం వెయ్యలేదట. భయం వేస్తే బాగుండునని మాత్రం అనుకుందట.

దెయ్యం ఉంటే చాలు. ఉంటే ఆ ఆడగొంతు దానిదే, ముసలి గొంతూ దానిదే, ఆ పిల్లదీ దాని గొంతే. ఏ గేటు దగ్గరా ఎవరూ నిలబడనట్టే. ఎవరూ ఎదురుచూడనట్టే. ఏ ఇంట్లోనూ ఏమీ కానట్టే. జీవితంలో ఏదీ అంతగా కోరుకోలేదు ఆవిడ.

తలుపు తట్టింది. ఆగింది. మళ్ళీ తట్టింది.

"ఉన్నావా?" అంది చిన్నగా. "ఉంటే ఒక్కసారి పలుకమ్మా. ఆ ఫోన్లన్నీ నేనే చేశానని చెప్పు."

తలుపుకి చెవి ఆనించి చాలాసేపు నిలబడింది. లోపల ఎవరూ లేరు.